ఉప్పు పారేయకు బిడ్డా

పరకాల

బిడ్డా,

ముసురుకు దొడ్డుప్పు నీళ్లయింది, సన్నుప్పు ప్యాకెట్ మీద తారీఖు దాటింది, రెండూ పారేస్తనని ఫోన్‌ల అన్నవు. ఆగు. అవి రెండూ వేరువేరు సంగతులు.

ఉప్పు కుళ్లదు, పురుగు పట్టదు. సముద్రపు నీళ్లు ఎండబెట్టి తీసిన గల్లు పదేండ్లు ఉన్నా ఉప్పే. నీళ్లెందుకు అయితదంటే, దొడ్డుప్పుల మెగ్నీషియం క్లోరైడ్ అనే చేదు లవణం కొద్దిగ ఉంటది. గాలిల తేమను గుంజేది అదే. అసలు ఉప్పు గాలిల తేమ 75 శాతం దాటితేగాని కరగదు. శ్రావణం ముసురుల మన దగ్గర అదీ దాటుతది, అందుకే సన్నుప్పు గూడ గడ్డ కడతది.

మా చిన్నప్పుడు అమ్మ ఏడాదికి సరిపడ ఉప్పు వెదురు గంపల పోసి, కింద గంగాళం పెట్టేది. రోజుల తరబడి చుక్కచుక్క కారేది. ఆ నీళ్లు నాలుక మీద పెడితే చేదు! ఆ చేదు దిగినంక గంపల మిగిలిన ఉప్పు తెల్లగ, పొడిగ ఉండేది, మళ్లీ అంత తొందరగ తడవకపోయేది. నువ్వు గూడ ప్లాస్టిక్ జల్లెడల పోసి నీళ్లు కారనియ్యి. ఎండ కొట్టిన రోజు నూలు గుడ్డ మీద పలుచగ పరిచి, బాగ ఆరినంకనే ఎత్తు.

పెట్టేది జాడీల గాని, గాజు సీసాల గాని. నేను ఒకసారి స్టీలు డబ్బాల పోసిన. కొన్ని నెలలకే అడుగున తుప్పు చుక్కలు లేచినయి, ఆ అడుగు ఉప్పంతా పారబోసిన, ఇప్పటికీ పానం చివుక్కుమంటది. ఇత్తడి, అల్యూమినియం అసలే వద్దు. మట్టికుండల పోస్తే ఉప్పు బయటికి ఊరి కుండ పెచ్చులు లేస్తది. జాడీని గోడకు ఆనించకు, కింద చెక్కపీట వెయ్యి. పొయ్యి పక్కన ఆవిరి తగిలే కాడ పెట్టకు. తడిచెయ్యి పెట్టొద్దు, చెక్క గరిటె వాడు.

ఇగ ప్యాకెట్ సంగతి. తారీఖు దాటితే ఉప్పుకు ఏం కాదు, దాంట్ల కలిపిన అయోడిన్ తగ్గుతది. దుకాణంల అమ్మేటప్పుడు కిలోకు 15 మిల్లీగ్రాములకు తగ్గొద్దని రూలు. తేమ, వేడి, ఎండ తగిలితే అది ఇంకా పోతది, అందుకే ఈ ఉప్పును ఎండల పెట్టకు. నువ్విప్పుడు ఒట్టి మనిషివి కావు. కడుపుల బిడ్డ మెదడు ఎదగాలంటే అయోడిన్ కావాలె. కూరకు కొత్త ప్యాకెట్ తెచ్చుకో, కిలోదే చాలు, మూత గట్టిగ ఉన్న డబ్బాల పెట్టుకో. ఉప్పు ఎక్కువ తినమంటలేను, తినే కొంచెం మంచిది తినమంటున్న. కూరల గూడ చివరికే వెయ్యి. పాతది గిన్నెలు తోమనీకి, నిమ్మకాయ ఊరేయనీకి పనికొస్తది.

దొడ్డుప్పు ఎండకాలం మామిడికాయ తొక్కుకు దాచు. ఆరబెట్టి, దంచి, దంచినంకనే కొలువు. గల్లుగ ఉన్నప్పుడు గిన్నెల సందులెక్కువ, ఉప్పు తక్కువ పడుతది, తొక్కు బూజు పడుతది.

ఆదివారం పెద్దబాపు హనుమకొండ వస్తున్నడు, మా చిన్న జాడీ ఇచ్చి పంపుత. మూతి మీద కట్టిన గుడ్డ పారేయకు, ఉతికి ఆరేసి మళ్లీ కట్టు.

మీ పెద్దమ్మ