నవల సినిమాగా తీస్తే స్క్రీన్‌ప్లే కూడా ఆ రచయితే రాస్తాడా?

రాయాలని రూలేమీ లేదు, ఎందుకంటే నవల హక్కులు అమ్మడం ఒకటి, స్క్రీన్‌ప్లే రాయడానికి విడిగా ఒప్పుకోవడం ఇంకొకటి, ఆ రెండో పని నిర్మాత ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

పని తీరు కూడా వేరు. నవలలో పాత్ర మనసులో ఏమనుకుంటోందో పది పేజీలు రాసుకోవచ్చు. స్క్రీన్‌ప్లేలో తెరమీద కనిపించేది, వినిపించేది మాత్రమే ఉండాలి, పైగా మొత్తం రెండు మూడు గంటల్లో అయిపోవాలి.

అమెరికన్ రచయిత విలియం గోల్డ్‌మన్ రెండూ చేశాడు. 1973లో రాసిన 'ది ప్రిన్సెస్ బ్రైడ్' నవల నిండా, ఇది వేరే ఎవరిదో పాత పుస్తకం, నేను కుదించానంతే అంటూ మధ్యమధ్యలో దూరి కామెంట్లు చేస్తుంటాడు (ఆ పాత పుస్తకమూ కల్పనే). ఇది తెరమీద ఎలా చూపిస్తారు? 1987 సినిమాకి స్క్రీన్‌ప్లే తనే రాస్తూ, ఆ గోలంతా తీసేసి, జబ్బుపడ్డ మనవడికి తాతయ్య కథ చదివి వినిపిస్తున్నట్టు మార్చేశాడు. అయితే ఆయనకొచ్చిన రెండు ఆస్కార్లూ సొంత నవలలకి కాదు. ఒకటి నేరుగా సినిమాకే రాసిన కథకి, రెండోది ఇద్దరు విలేకరుల పుస్తకం ఆధారంగా రాసిన స్క్రీన్‌ప్లేకి.

చాలామంది స్క్రీన్‌ప్లే అంటే డైలాగులే అనుకుంటారు. కాదు. ఏ సీన్ ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అన్నదే అందులో అసలు పని. మన టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని విడివిడిగా వేసేది అందుకే.