ఆ నవల పాపకివ్వాలా, వద్దా?

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. గ్రహణం మొర్రితో పుట్టింది. ఐదో నెలలో పెదవికి, ఏడాది దాటాక అంగిలికి ఆపరేషన్లు చేయించాం. పెదవి మీద గీత, కాస్త వంగిన ముక్కు, ముక్కుతో మాట్లాడుతున్నట్టుండే గొంతు మిగిలాయి. ఈ ఏడాది కొత్త స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాం. ఒక అబ్బాయి తనలా మాట్లాడి చూపిస్తుంటే క్లాసంతా నవ్వుతోందట. మాస్కు తీయడం లేదు. లంచ్ బాక్సు తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే తిరిగి తెస్తోంది. అమెరికా నుంచి వచ్చిన మా ఆడపడుచు ‘వండర్’ అనే ఇంగ్లీషు నవల ఇచ్చింది. ముఖం వేరుగా ఉన్న పిల్లాడి కథట. చదివితే ధైర్యం వస్తుందని మావారంటారు. ఇంకా కుంగిపోతుందేమోనని నేను బీరువాలో పెట్టేశాను. పాప కడుపులో ఉండగా ఐదో నెలలో గ్రహణం రోజు నేను బయటికెళ్లడం వల్లే ఇలా జరిగిందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నిజమేనేమో అని నాకూ అనిపిస్తుంటుంది. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ముందు గ్రహణం మాట. కడుపులో బిడ్డ పై పెదవి ముక్కలుగా పెరుగుతూ వచ్చి కలుసుకుంటుంది. అది ఏడో వారానికల్లా అయిపోయే పని. అంగిలి మూడో నెలలోపే మూసుకుంటుంది. ఆ కలయిక మధ్యలో ఆగితే మొర్రి వస్తుంది. అంటే మీరు ఐదో నెలలో వాకిట్లోకి వెళ్లేనాటికే పాప పెదవి సంగతి తేలిపోయి చాలా వారాలైంది. వంశంలో ఉండటం, గర్భిణి పొగతాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు లాంటివి దీనికి కొంత కారణమవుతాయి. చాలామంది పిల్లల్లో ఇదీ కారణమని డాక్టర్లు కూడా వేలుపెట్టి చూపించలేరు. మీరు చేసిన తప్పు ఇందులో లేదు, నమ్మండి.

ఆ మాట అత్తగారు అంటున్నప్పుడు పాప కూడా ఇంట్లోనే ఉంటుంది కదా. తన ముఖం అమ్మ చేసిన తప్పు అని ఆ పిల్లకు పదకొండేళ్లుగా వినిపిస్తోంది. నాకు అన్నిటికంటే బాధ అక్కడే కలిగింది. దీన్ని ఆపాల్సింది మీరు కాదు, మీవారు. వాళ్లమ్మకు ఆయనే చెప్పాలి, పాప వినేలా చెప్పాలి.

ఇక నవల. ఆర్.జె. పలాసియో రాసిన ఈ పుస్తకం 2012లో వచ్చింది. న్యూయార్క్‌లో ఉండే ఆగస్ట్ అనే పదేళ్ల పిల్లాడి కథ. పుట్టుకతోనే ముఖం బాగా దెబ్బతిని, 27 ఆపరేషన్లు అయి, అప్పటిదాకా ఇంట్లోనే చదువుకున్నవాడు ఐదో తరగతిలో మొదటిసారి స్కూలుకెళ్తాడు. మీ పాప కంటే వాడి పరిస్థితి చాలా తీవ్రం, ఆ తేడా ఆమెకు ముందే చెప్పండి. అయితే తన ముఖం గురించి పుస్తకం చెబితే కొత్తగా తెలిసేదేమీ లేదు. రోజూ అద్దంలో చూసుకుంటోంది.

మీ భయం మరో రకంగా సరైనదే. ఇది మెత్తని కథ కాదు. వాడిని ముట్టుకున్నవాళ్లు ముప్పై సెకన్లలో చేతులు కడుక్కోవాలని పిల్లలు ఆట పెట్టుకుంటారు. అంతకంటే కష్టమైన చోటు హాలోవీన్ రోజుది. అందరూ వేషాలు వేసుకునే ఆ పండగంటే ఆగస్ట్‌కు ప్రాణం, ఆ ఒక్కరోజు వాడినెవరూ వింతగా చూడరు. ఆ రోజే, వేషంలో ఉన్నది వాడని తెలియక, ప్రాణస్నేహితుడు జాక్ తక్కిన పిల్లలతో అంటాడు: నాకే అలాంటి ముఖముంటే చచ్చిపోయేవాణ్ని అని. ఇది మీ పాప ఒంటరిగా చదవకూడదు. మీరు ముందు మొత్తం చదవండి. ఆ అధ్యాయం వచ్చినప్పుడు పక్కన కూర్చోండి, చదివాక ఆమె మాట్లాడితే వినండి. వద్దంటే పుస్తకం అక్కడితో ఆపేయొచ్చు.

నిజానికి మీ ఇంట్లో దీన్ని మొదట చదవాల్సింది మీ అబ్బాయి. మీ ఉత్తరంలో అతని గురించి ఉన్నది ఒక్క వాక్యమే. నవలలో ఆగస్ట్ అక్క వయా చెప్పే భాగం ఉంది. తమ్ముణ్ని ప్రాణంగా చూసుకునే పిల్లే, కొత్త హైస్కూల్లో తను ఉన్న నాటకం సంగతి ఇంట్లో చెప్పదు. చెబితే తమ్ముణ్ని కూడా తీసుకొస్తారని. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేస్తుంది. మీ అబ్బాయి ఫ్రెండ్స్‌ను ఇంటికి పిలుస్తాడా? చెల్లెలి గురించి వాళ్లకు ఏం చెప్పాడు? కోప్పడకుండా అడగండి.

నవలలో నేను ఒప్పుకోని విషయాలూ ఉన్నాయి. ఆగస్ట్ చాలాకాలం వ్యోమగాముల హెల్మెట్ పెట్టుకు తిరుగుతాడు. వాడి ముఖం దాగిపోవడం చూడలేక తండ్రి దాన్ని చెప్పకుండా పారేస్తాడు. మీరు మాత్రం మాస్కు లాక్కోకండి, దాచకండి. ఇంట్లో మీ నలుగురి మధ్య, తర్వాత ఒక స్నేహితురాలి ముందు, అలా తనంతట తనే తీయాలి. ఇక చివర్లో ఆగస్ట్‌కు పతకమిచ్చి, హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. చదవడానికి బాగుంటుంది గానీ, బడిలో మామూలుగా కూర్చుని అన్నం తినడానికి ఏ పిల్లా వీరురాలు కానక్కర్లేదు. మీవారన్న ధైర్యం పేరుతో ఆ బరువు పాపమీద పెట్టకండి.

నాకు నచ్చింది సమ్మర్ అనే అమ్మాయి. మొదటి రోజు లంచ్‌లో ఒంటరిగా ఉన్న ఆగస్ట్ ఎదురుగా ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుంటుంది. మీ పాపకు కావాల్సింది అలాంటి ఒక్క పిల్ల. క్లాస్ టీచర్‌ను విడిగా కలిసి, నెమ్మదస్తురాలైన అమ్మాయి పక్కన సీటు మార్చమనండి. మాట వెక్కిరించే అబ్బాయితోనూ టీచర్ విడిగానే మాట్లాడాలి. ప్రేయర్‌లో మీ పాప పేరెత్తి నీతులు చెప్పొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఎవరైనా అడిగితే “పుట్టినప్పుడు పెదవి కలవలేదు, ఆపరేషన్ చేశారు, ఇప్పుడు నొప్పి లేదు” అనే జవాబు ఇంట్లో నాలుగుసార్లు అనిపించండి. తడుముకోకుండా వస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇంకొకటి, లంచ్ బాక్సు. తినేటప్పుడు నీళ్లు, పెరుగన్నం ముక్కులోంచి వస్తున్నాయా అని పాపను అడిగారా? అంగిలి ఆపరేషన్ తర్వాత కొందరికి చిన్న రంధ్రం మిగులుతుంది. అందుకే పదిమందిలో తినరు, సిగ్గుతో చెప్పరు. దాన్ని మూసే ఆపరేషన్ ఉంది. ముక్కుతో వచ్చే మాటకు స్పీచ్ థెరపీ, అవసరమైతే మరో ఆపరేషన్ ఉన్నాయి. పళ్లు నిలిచే చిగురు ఎముకలో కూడా చీలిక ఉంటే అందులో ఎముక పెట్టించే ఆపరేషన్ సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ల మధ్య, అక్కడి కోరపన్ను దిగకముందే చేస్తారు. పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసు చివర్లో ఉంది కాబట్టి ఈ నెలలోనే చూపించండి. 18 ఏళ్లలోపు పిల్లలకు మొర్రి చికిత్స రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద ఉచితం. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.