చార్టు పుస్తకాల ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: జీఐఎస్‌లో (కంప్యూటర్ మీద పటాలు తయారుచేసే విద్యలో) డిప్లొమా చేశాను. నాటికల్ చార్టులను (నావికులకు సముద్రంలో దారి, లోతులు చూపే పటాలను) పుస్తకాలుగా వేసే చిన్న ప్రచురణ సంస్థలో ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేర్ వస్తే చాలంటున్నారు. కాగితం చార్టుల కాలం అయిపోయిందని స్నేహితులు భయపెడుతున్నారు. చేరమంటారా?

జవాబు: చేరండి. మీ స్నేహితుల మాటలో నిజం లేకపోలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ తన సంప్రదాయ కాగితం చార్టులకు స్వస్తి చెబుతున్నట్టు 2019లో ప్రకటించి, 2025 జనవరికల్లా ఆ పని ముగించింది. అదే సంస్థ, ఎలక్ట్రానిక్ చార్టు డేటా నుంచి ఎవరికి కావలసిన పటం వాళ్లు పీడీఎఫ్‌గా తీసుకునే ఏర్పాటూ చేసింది. చిన్న పడవల వాళ్లకు కాగితం ఇంకా కావాలి. దాన్ని కూర్చే పని మీలాంటి వాళ్ల మీద పడుతోంది.

నాకు నచ్చనిదల్లా 'సాఫ్ట్‌వేర్ వస్తే చాలు' అన్న మాటే. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో అట్లాస్ అనే సదుపాయం ఉంది. పేజీల హద్దులు గీసిస్తే ఎన్ని పేజీలైనా వరసగా తీసిపెడుతుంది. జీఐఎస్ చదివిన మీకు అదేమంత కష్టం కాదు. అసలు పని ఆ హద్దులు గీయడంలో ఉంది.

పెద్ద చార్టును పేజీలుగా కోసినప్పుడు, లోతులు ఏ కొలతలో ఉన్నాయో చెప్పే గమనిక ఏదో ఒక పేజీకే పోతుంది. 14వ పేజీ అడుగుల చార్టు నుంచి, 15వ పేజీ ఫ్యాదమ్‌ల (ఫ్యాదమ్ అంటే ఆరు అడుగులు) చార్టు నుంచి వచ్చాయనుకోండి. రెండింటిలోనూ '3' అనే కనిపిస్తుంది. మొదటిది 0.9 మీటర్లు, రెండోది దాదాపు 5.5 మీటర్లు. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు! 1:40,000 చార్టును పేజీకి పట్టించాలని సగానికి కుదిస్తే అది 1:80,000 అయిపోతుంది, పైన అచ్చులో మాత్రం పాత సంఖ్యే ఉంటుంది. ఇక సముద్రంలోని రాయిని చూపే గుర్తు బైండింగ్ మడతలోకి పోతే, ఆ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే పక్కపక్క పేజీలు కొంత మేర ఒకదాన్నొకటి కప్పేలా చూస్తారు. ఇవన్నీ పట్టుకునే కన్ను మీకుంటే టెన్షన్ అక్కర్లేదు.

దిద్దుబాట్లు ఇంకో తలనొప్పి. బోయాలు (దారి చూపేందుకు నీటిపై తేలే గుర్తులు) చోటు మారతాయి, నావికులకు దారి చూపే దీపాలు మారుతాయి. బ్రిటన్ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమైతే (సముద్రాన్ని కొలిచి చార్టులు వేసే ప్రభుత్వ సంస్థ) నావికుల కోసం వారం వారం సవరణలు విడుదల చేస్తుంది. ఏ పేజీ ఏ చార్టు నుంచి, ఏ తేదీ సవరణ వరకు తీసుకున్నారో పట్టిక పెట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. హక్కుల సంగతీ చూసుకోవాలి. ఎన్‌ఓఏఏ డేటా ఉచితం, బ్రిటన్ చార్టులకు లైసెన్సు కావాలి.

ఎదగాలంటే పేజీ డిజైన్‌తో ఆగకండి. ఎలక్ట్రానిక్ చార్టుల ప్రమాణం ఎస్-57, దాని తర్వాత వస్తున్న ఎస్-101 చదవండి. నాటికల్ కార్టోగ్రాఫర్లకు (చార్టులు తయారుచేసేవాళ్లకు) అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ ఎస్-8 ప్రమాణాలు పెట్టింది. వాటి కింద గుర్తింపు పొందిన కోర్సు చేస్తే హైడ్రోగ్రాఫిక్ కార్యాలయాల్లో, ఎలక్ట్రానిక్ చార్టులు తయారుచేసే కంపెనీల్లో పనికొస్తుంది.

సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: అచ్చుకు పంపేముందు లోతులు, సవరణలు సరిచూసేది ఎవరు? 'మీరే' అంటే, పక్కన అనుభవమున్నవాళ్లు ఒకరైనా ఉంటారా అని కూడా అడగండి. ఎవరూ లేరంటే మాత్రం మరో సంస్థ చూసుకోండి.