ఆస్టిన్ వెళ్తానంటున్న చిన్నాకి పిన్ని రాసేది

చిన్నా,

ఆస్టిన్‌లో టెక్సాస్ శాసనసభ వచ్చే సెషన్‌లో తుపాకీ హక్కుల బిల్లు ఒకటి పట్టుకుని, దాఖలైన రోజు నుంచి గవర్నర్ బల్ల దాకా దాని వెంటే నడుస్తానన్నావట. నిన్న రాత్రి అక్క ఫోన్లో చెప్పింది. చెప్తున్నప్పుడు దాని గొంతు వణికింది. నాకూ భయం వేసింది. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి ఏడాది తిరక్కుండానే ఈ పనికి పూనుకున్నావని గర్వంగానూ ఉంది. మన ఇళ్ళలో శాసనసభ అంటే టీవీలో చూసేదే. వెళ్ళి మైకు ముందు కూర్చోవచ్చని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆ బిల్లు మీద నీ మాట ఒకటి, నా మాట ఒకటి. ఆ వాదన సంక్రాంతికి మీరొచ్చినప్పుడు పెట్టుకుందాం. వెళ్ళేవాడివి మాత్రం సరిగ్గా వెళ్ళు.

తేలికవి ముందు చెప్పేస్తాను. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది. జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు, అంటే 2027లో జనవరి 12 నుంచి మే 31 దాకా. బిల్లుల దాఖలు నవంబర్ 9నే మొదలవుతుంది, మామూలు బిల్లులకు మార్చి 12 ఆఖరు. హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది. నీ ప్రతినిధి ఎవరో, సెనేటర్ ఎవరో మీ ఇంటి అడ్రసుతో చూసుకో. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అన్న వెబ్‌సైటులో ఖాతా తెరిచి బిల్లు నంబరు మీద అలర్ట్ పెట్టుకో. అవతలి సభలో అదే బిల్లు వేరే నంబరుతో ఉంటుందేమో చూసి, దాని మీద కూడా పెట్టుకో.

బిల్లు చదవడం నేర్చుకో. కింద గీత ఉన్నది కొత్తగా చేర్చే మాట. బ్రాకెట్లో పెట్టి అడ్డంగా కొట్టేసినది తీసేసే మాట. తుపాకీ బిల్లులు ఎక్కువగా పీనల్ కోడ్ 46వ అధ్యాయం చుట్టూ తిరుగుతాయి. 46.02 చట్టవిరుద్ధంగా తుపాకీ దగ్గర పెట్టుకోవడం గురించి, 46.03 తుపాకీ తేకూడని చోట్ల గురించి. నీ బిల్లు మార్చే సెక్షన్ ఒక్కటే చదివితే సగమే అర్థమవుతుంది, చుట్టుపక్కలవీ చదువు. పాత వ్యాసాల్లో 46.035 అని కనిపిస్తుంది. లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చన్న 2021 నాటి హౌస్ బిల్లు 1927 ఆ సెక్షన్‌ని రద్దు చేసింది. కమిటీ ముందు ఆ నంబరు పలికావంటే, ఆ తర్వాత నువ్వేం చెప్పినా ఎవరూ వినరు.

ఇంకో సంగతి. బిల్లు మీద జనం మాట వినే హియరింగ్ రోజున కమిటీ ముందుకొచ్చేది నువ్వు చదివిన బిల్లే అవుతుందన్న నమ్మకం పెట్టుకోకు. కమిటీ సబ్‌స్టిట్యూట్ అని మొత్తం కొత్త పాఠం తెస్తారు, ఒక్కోసారి ఆ ఉదయమే. ముందురోజు బిల్లు దాఖలు చేసిన సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి సబ్‌స్టిట్యూట్ ఉందా, ఒక ప్రతి పంపగలరా అని మర్యాదగా అడుగు. చాలామంది పంపుతారు.

హౌస్‌లో బహిరంగ హియరింగ్‌కి ఐదు రోజుల ముందు నోటీసు వేస్తారు. సెనేట్‌లో 24 గంటలే. మీ ఫ్రిస్కో నుంచి ఆస్టిన్‌కి ఐ-35 మీద నాలుగు గంటలు పడుతుంది గనక, సెనేట్ వంతు వచ్చేసరికి బ్యాగు సర్దిపెట్టుకుని ఉండు. నోటీసులో టైము పక్కన "సభ వాయిదా పడ్డాక" అన్న మాట ఉంటుంది, దాన్ని చూడకుండా వెళ్ళేవాళ్ళు ఉంటారు. పొద్దున్న పదిన్నర అని రాసి ఉన్నా, సభ సాయంత్రం దాకా నడిస్తే నీ హియరింగ్ సాయంత్రమే మొదలవుతుంది. 2023 ఏప్రిల్ 18న 2022 నాటి ఉవాల్డే బడి కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు మాట్లాడే వంతు కోసం 13 గంటలకు పైగా కూర్చున్నాయి. హియరింగ్ గదులు ఎక్కువగా భూమికింద, ఈ1, ఈ2 అంతస్తుల్లో ఉంటాయి, ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది. స్వెటర్, ఛార్జర్, మాత్రలు, తినడానికి ఏదైనా పెట్టుకెళ్ళు. రాత్రికి అక్కడ ఏమీ దొరకదు.

హౌస్ కమిటీకి సాక్షిగా పేరు నమోదు చేసుకోవడం అక్కడున్న కియోస్కుల్లో గానీ, క్యాపిటల్ వైఫైలో నీ ఫోన్లో గానీ అవుతుంది. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం, మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. మాట్లాడకుండా నీ పక్షం మాత్రం నమోదు చేసి రావచ్చు, అదీ రికార్డులోకి ఎక్కుతుంది. ఎవరి తరఫున అని అడిగేచోట నీ తరఫున అనే పెట్టు. తెలుగు సంఘం పేరు, గుడి పేరు అక్కడ రాయకు. అవి పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) సంస్థలు. చట్టసభల మీద ఒత్తిడి తెచ్చే పనికి వాటికి పరిమితి ఉంది, పైగా వాళ్ళు నీకు అనుమతి ఇవ్వలేదు. "మా తెలుగువాళ్ళందరం" అని నోరు జారినా ఆ గదిలోనే కాదనే తెలుగువాడు ఒకడు ఉంటాడు. నువ్వు చెప్పేది నిజమని ప్రమాణం చేసి చెప్తున్నావని కూడా గుర్తుపెట్టుకో.

ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. రెండు నిమిషాలంటే ఇంగ్లీషులో 250 మాటలు దాటవు. ఏ ఊరు, ఏ సెక్షన్, అందులో ఏ మాట ఉండాలి లేదా పోవాలి, ఎందుకు, అంతే. ప్రశ్న వేస్తే, తెలియకపోతే తెలియదని చెప్పి, రాసి పంపుతానను. గ్యాలరీలో చప్పట్లు, అట్టలు వద్దు. అవతలిపక్షం వాళ్ళతో కారిడార్‌లో వాదన అసలే వద్దు. పిల్లని పోగొట్టుకున్న తల్లి పక్క కుర్చీలో కూర్చుని ఉండొచ్చు చిన్నా. ఆవిడ ఏమన్నా నువ్వు తల దించుకుని వినాలి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని మాట. నీతో వస్తానంటున్న స్నేహితుల్లో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళున్నారని అక్క చెప్పింది. హియరింగ్‌కి రావడానికి, మాట్లాడటానికి వాళ్ళకి అడ్డేమీ లేదు. తుపాకీ మాత్రం ముట్టకూడదు. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప ఇంకేం లేవు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు. ఆస్టిన్‌లో ఏ బిల్లు గెలిచినా దీన్ని మార్చలేదు, అది వాషింగ్టన్ చట్టం. "ఫొటో కోసం ఒక్క నిమిషం పట్టుకో" అని ఎవరన్నా ఇస్తారు. ఆ ఫొటో ఆ పిల్లవాడి బతుకుని తలకిందులు చెయ్యగలదు. బయల్దేరే ముందు వాళ్ళని కూర్చోబెట్టి ఈ మాట నువ్వే చెప్పాలి. చెప్పావని నాకు మెసేజ్ పెట్టు.

ఇక మేము చేసిన తప్పు. ఇది నిదానంగా చదువు.

2023లో మేము కొందరం హౌస్ బిల్లు 2744 వెంట ఉన్నాం. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు కొనే వయసు 18 నుంచి 21కి పెంచాలన్న బిల్లు అది. నీకు నచ్చనిదే, తెలుసు. ఏప్రిల్ 18న హియరింగ్ అయింది. ఓటు వెయ్యకుండా బిల్లుని పెండింగ్‌లో ఉంచారు. అది అక్కడి ఆనవాయితీ, హియరింగ్ రోజునే ఓటు వెయ్యడం అరుదు. మేము దాన్ని ఒక మెట్టు ఎక్కినట్టే లెక్కేసుకుని, తర్వాతి మెట్టు కోసం సెనేటర్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాం. 20 రోజులు ఆ పనిలోనే పోయాయి. బిల్లు ఇంకా రాని సభకి 20 రోజుల ఉత్తరాలు!

ఆ 20 రోజుల్లో బిల్లు ఒక్కరి చేతిలో ఉంది, కమిటీ ఛైర్మన్ చేతిలో. ఓటుకు ఎప్పుడు పెట్టాలో ఆయన ఇష్టం. మేము ఫోన్ చెయ్యాల్సింది ఆయన ఆఫీసుకి, ఆ కమిటీ సభ్యుల జిల్లాల్లో ఉన్న మనవాళ్ళ చేత ఆ సభ్యులకి. అది చెయ్యలేదు. మే 6 శనివారం అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. అందులో మన తెలంగాణ అమ్మాయి, ఇంజనీరు. ఆ మాల్ మీ ఇంటికి ఎంత దూరమో నీకు తెలుసు, ఆ సాయంత్రం నువ్వు ఫోన్ ఎత్తేదాకా మీ అమ్మ ఎలా ఉందో నాకు తెలుసు. సోమవారం, మే 8న, కమిటీ 8-5తో బిల్లుని బయటికి పంపింది. ఆరోజు అందరూ ఏడ్చారు, కావలించుకున్నారు. గెలిచామనుకున్నాం.

లెక్క చూడు. హౌస్ బిల్లులు కమిటీ దాటడానికి ఆ సెషన్లో ఆఖరి రోజు మే 8. వాటిని సభంతా చర్చించి ఓటేసే రెండో పఠనానికి తీసుకోవడానికి ఆఖరి రోజు మే 11. సభ ముందుకొచ్చే బిల్లుల జాబితా, అంటే క్యాలెండర్, 36 గంటల ముందే సభ్యులకు చేరాలన్నది రూలు. మే 11 ఉదయం పదింటి నుంచి 36 గంటలు వెనక్కి లెక్కపెడితే మే 9 రాత్రి పది. అంటే కమిటీ ఓటు తర్వాత మిగిలింది ఒకటిన్నర రోజు. ఆ వ్యవధిలో కమిటీ రిపోర్టు తయారవ్వాలి, ఖర్చు అంచనా, విశ్లేషణ, సాక్షుల జాబితా దానికి జతపడాలి, అచ్చయి పంపిణీ కావాలి, ఆపైన క్యాలెండర్స్ కమిటీ దాన్ని జాబితాలో పెట్టడానికి ఒప్పుకోవాలి. ఆ కమిటీలో సాక్షులు లేరు, హియరింగ్ లేదు, పేరు నమోదు లేదు. మే 9 రాత్రి పది దాటింది, జాబితాలో 2744 లేదు. 150 మందిలో ఒక్కరూ దాని మీద సభలో ఓటు వెయ్యకుండానే బిల్లు అయిపోయింది. ముందు నుంచి ఫోన్లు చేసుంటే గట్టెక్కేదా అంటే చెప్పలేను, బహుశా ఎక్కేది కాదు. కానీ చెయ్యాల్సిన 20 రోజులు మేము చెయ్యలేదు, అది మా తప్పే.

నువ్వు ఈ గడువులన్నీ గోడమీద రాసిపెట్టుకో. పాత లెక్కే ఉంటే 2027లో కమిటీకి ఆఖరు మే 10, క్యాలెండర్‌కి మే 11 రాత్రి పది, రెండో పఠనానికి మే 13 అర్ధరాత్రి. సభ జనవరిలో తన రూల్స్ కొత్తగా ఆమోదిస్తుంది, అప్పుడు సరిచూసుకో. ప్రతి సోమవారం ఒక్క ప్రశ్న వేసుకో: ఈవేళ బిల్లు ఎవరి బల్ల మీద ఉంది? ఆ వారం ఫోన్లన్నీ ఆ బల్లకే. ఏప్రిల్ మధ్యకల్లా కమిటీ దాటకపోతే గట్టిగా కంగారుపడు. క్యాలెండర్స్ కమిటీలో ఎవరున్నారో ఫిబ్రవరిలోనే రాసుకుని, ఆ జిల్లాల్లో నీ ఆఫీసు స్నేహితులు, క్రికెట్ స్నేహితులు ఎవరుంటారో వెతుకు. సొంత ఓటరు చేసే ఒక్క ఫోను, బయటివాళ్ళు పంపే వంద ఈమెయిళ్ళ కన్నా నయం.

సెనేట్‌లో ఓ బిల్లుని వరస తప్పించి ముందుకు తేవడానికి 31లో 18 మంది కావాలి. 2021కి ముందు 19 ఉండేది. మార్చిన ఆ ఏడాదే, మే 5న, హౌస్ బిల్లు 1927 సెనేట్‌లో 18-13తో దాటింది, ఒక్కరు జారినా ఆగేదే. అక్కడితో అయిపోయిందనుకున్నవాళ్ళు నీ పక్షంలోనూ ఉన్నారు. సెనేట్ చేర్చిన సవరణలు బిల్లు విషయానికి సంబంధించినవేనా అన్న అనుమానం మీద హౌస్ ఒప్పుకోలేదు. రెండు సభల నుంచి ఐదుగురేసి కాన్ఫరెన్స్ కమిటీగా కూర్చుని రాజీ పాఠం రాశారు. దాన్ని హౌస్ మే 23న, సెనేట్ మే 24న ఆమోదించాయి. సెషన్ ఇంక వారం ఉంది. అందుకని సవరణలు కలిసిన రోజే కొత్త పాఠం చదువు, నువ్వు మద్దతిచ్చిన మాట అందులో ఇంకా ఉందో లేదో చూసుకో.

గవర్నర్ దగ్గరికి చేరాక, నిర్ణయం తీసుకోవడానికి ఆయనకి గడువు సెషన్ నడుస్తుంటే ఆదివారాలు తీసేసి పది రోజులు, ముగిశాక ఇరవై రోజులు. ఆయన ఏమీ చెయ్యకపోయినా బిల్లు చట్టమవుతుంది. హౌస్ బిల్లు 1927 మీద 2021 జూన్ 16న సంతకమైంది, సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. ఆ మధ్య రోజుల్లో అమల్లో ఉన్నది పాత చట్టమే. నీ బిల్లు గెలిస్తే సంబరంలో నీ స్నేహితులు ఈ తేదీ మర్చిపోకుండా చూడు.

హియరింగ్ అయ్యేసరికి రాత్రి పన్నెండైనా రెండైనా ఆరోజే ఫ్రిస్కోకి బండి తోలకు. ఆస్టిన్ పక్కనే రౌండ్ రాక్‌లో మా ఇల్లు ఉంది. పక్క తలుపు కోడ్ నీకు తెలుసు, మారలేదు. ఫ్రిజ్‌లో పెరుగన్నం, మాగాయ పెడతాను. స్నేహితులు ఎంతమంది వస్తున్నారో ముందురోజు చెప్పు, పరుపులు దింపాలి.

పిన్ని