పెన్సిల్ చూస్తే ఏడుపు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నర్సరీ టీచర్ని. మూడున్నరేళ్ల బాబు పెన్సిల్ ఇస్తే ఏడుస్తాడు. వాళ్లమ్మేమో ‘ఇంకా అ, ఆ రాయట్లేదేంటండీ’ అని రోజూ అడుగుతోంది. టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ఆ వయసుకి మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా ఏర్పడవమ్మా, వాడేం రాస్తాడు! కొత్తలో విజయవాడలో నేనూ చెయ్యి పట్టుకుని పలక నింపించినదాన్నే. ఒక పాప వారం రోజులు బడికే రాలేదు. పలక పక్కనపెట్టి చపాతీ పిండి ఇచ్చాను. పాములు చేశారు, ఉండలు చేశారు, ఒకడు జేబులో దాచుకున్నాడు కూడా. తర్వాత ఇసుకలో వేలితో సున్నాలు. దసరా సెలవులయ్యాక ఆ పాపే సుద్దముక్క అడిగింది.

వాళ్లమ్మని ఒక పూట తరగతిలో కూర్చోబెట్టండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా ఆటలతోనే పునాది వేయమంది. మీరూ రోజూ ఒక్క పిల్లాడి గురించి రెండు వాక్యాలు రాసుకోండి. నా దగ్గర అలాంటి నోటుబుక్కులు పదకొండున్నాయి.