పుట్టింటి డబ్బుతో ఇద్దరి పేరా ఫ్లాట్ కొంటే నా వాటా నిలుస్తుందా?

తెనాలి దగ్గర నాన్నగారి పొలం అమ్మగా మీకొచ్చిన 40 లక్షలు, మీవారి 30 లక్షల బ్యాంకు లోను కలిపి విజయవాడ పోరంకిలో ఫ్లాట్ కొంటున్నారు. రేపు తేడా వస్తే మీ డబ్బు ఏమవుతుందని అడిగారు.

పెళ్లయినంత మాత్రాన మొగుడూ పెళ్లాల ఆస్తులు మన చట్టంలో కలిసిపోవు. వారసత్వపు సొమ్ము మీదే. చిక్కంతా అది ఫ్లాటుగా మారే దగ్గరే. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరి డబ్బు వారు పెట్టినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, పెట్టినదాన్నిబట్టే వాటా. రుజువు లేకపోతే మాత్రం చెరిసగం. డాక్యుమెంట్ రైటర్లు చాలామంది పాత నమూనాలో ఇద్దరి పేర్లూ ఎక్కించేసి వాటాల ఊసెత్తరు. అందుకే ముసాయిదా ముందే తెప్పించుకుని చదవండి. ‘ఒకటో కొనుగోలుదారు 40 లక్షలు తండ్రి వారసత్వపు సొమ్ములోంచి చెల్లించినందున ఏడింట నాలుగు వంతులు ఆమెవి, మిగతా మూడు వంతులు రెండో కొనుగోలుదారువి’ అని, ఆర్టీజీఎస్ నంబరు, తేదీతో సహా ఉండాలి.

డబ్బు జాయింటు ఖాతాలో వేయకండి. మీ ఒక్కరి ఖాతా నుంచే అమ్మేవారికి నేరుగా పంపండి. పొలం అమ్మిన దస్తావేజు నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి. ‘ఆలుమగల మధ్య లెక్కలేంటి’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అననివ్వండి.

లోనుకు మీరూ సంతకం పెడితే బాకీ మొత్తానికి మీరూ బాధ్యులే. ఫ్లాటంతా తనఖాలో ఉంటుంది కాబట్టి బ్యాంకుకు మీ వాటాల లెక్క పట్టదు.

వీలునామా లేకపోతే, హిందువులైతే, మీ తదనంతరం మీ వాటా భర్తకూ పిల్లలకూ సమానంగా వెళ్తుంది. వేరేగా కావాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసుకోండి.