ఊరెళ్లిన సంగతి గ్రూపులో పెట్టనివ్వకు

గుంటూరు,
బ్రాడీపేట.

అమ్మాయీ,

వీధి సంఘం పుస్తకం, వాట్సాప్ గ్రూపు రెండూ నీ చేతికొచ్చాయి. నేను డిసెంబరు ఆఖర్లో విశాఖపట్నం మా అమ్మాయి దగ్గరికి వెళ్తే మళ్లీ రథసప్తమి దాటాకే రావడం. ఫోన్లో చెబితే సగం నేను మర్చిపోతాను, సగం నువ్వు మర్చిపోతావు. అందుకని కాగితం మీద పెడుతున్నా.

ముందు గ్రూపు సంగతి. అందులో ఎవరెవరున్నారో ఒకసారి కూర్చుని చూడు. అద్దెకుండి ఎప్పుడో ఖాళీ చేసినవాళ్లు, మోటారు బాగుచెయ్యడానికొచ్చి చేరినవాళ్లు, పేరూ ఫొటో లేని నంబర్లు ఇంకా ఉన్నాయి. ఎవరని అడుగు. రెండు రోజుల్లో జవాబు రాకపోతే తీసెయ్. మొహమాటపడకు. క్రిస్మస్ సెలవుల నుంచి కనుమ దాకా ఆ గ్రూపులో వచ్చే కబుర్లు ఎలా ఉంటాయో నీకూ తెలుసుగా. ‘రేపు పొద్దున పల్నాడుకి వెళ్తున్నాం, పదిహేడున వస్తాం, కొంచెం మా ఇల్లు చూస్తుండండి’ అని ఒకరు పెడతారు. కింద అందరూ దణ్ణం బొమ్మలు. ఆ కబురు వెనకాలే రైల్లో పిల్లల ఫొటో. పాపం, మంచి మనసుతోనే పెడతారు. కానీ ఇల్లు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఖాళీయో చాటింపు వేసినట్టే కదా. అలాంటిది కనిపించగానే తీసేసి, వాళ్లకి విడిగా ఫోన్ చెయ్యి. ఎవరు ఊళ్లో లేరో నీకు తెలియాలి, పక్కింటివాళ్లకి తెలియాలి. వీధికంతా తెలియక్కర్లేదు.

దానికే నా పాత పద్ధతి, చేతిపుస్తకం. ఎవరు ఏ రోజు వెళ్తారు, ఎప్పుడొస్తారు, తాళంచెవి ఎవరి దగ్గరుంది, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, కారు ఇంట్లో వదిలారా, కుక్క ఉందా. అంతే. ఆ పేజీ ఫొటో తీసి ఎవరికీ పంపకు, సంఘం ప్రెసిడెంటుగారు అడిగినా సరే. ఆయన మంచివారే, ఫోన్ మాత్రం మనవడి చేతిలో ఉంటుంది.

రోజులకి రోజులు వెళ్లేవాళ్లే కాదు, గంటలు వెళ్లేవాళ్లనీ గుర్తుపెట్టుకో. డిసెంబరు 24 రాత్రి, మళ్లీ 31 రాత్రి మన లైన్లో చర్చికి వెళ్లే ఇళ్లలో పిల్లాజెల్లాతో సహా అందరూ వెళ్తారు, అర్ధరాత్రి దాటాకే రావడం. ముక్కోటి ఏకాదశికి తెల్లవారుజామున మూడింటికే లేచి గుడికెళ్లే ఇళ్లు ఉంటాయి. అటువాళ్లు వెళ్లినప్పుడు ఇటువాళ్లు, ఇటువాళ్లు వెళ్లినప్పుడు అటువాళ్లు కనిపెట్టుకుని ఉండటం మన లైన్లో ఎప్పటినుంచో ఉంది. ఈ ఏడూ ఆ రెండు వైపులా ఒక మాట గుర్తుచెయ్యి, చాలు.

ఇప్పుడు ముగ్గు. నెలగంట పెట్టినప్పటి నుంచి ప్రతి వాకిట్లో ముగ్గు ఉంటుంది కదా. దొంగ తలుపు తట్టి చూడక్కర్లేదు. లైను మొదట్లో నిలబడి చూస్తే చాలు, ముగ్గుల వరసలో దుమ్ముపట్టిన ఆ ఒక్క వాకిలి పన్నూడిన చోటులా కనిపిస్తుంది. అందుకని ఊరెళ్లేవాళ్లు పనిమనిషితోనో, పక్కింటి పిల్లతోనో రోజూ కల్లాపి చల్లి ముగ్గు వేయించుకునే ఏర్పాటు చేసుకోవాలి. డబ్బులు ముందే ఇచ్చి వెళ్లమను, వచ్చాక ఇస్తామంటే ఎవరూ వెయ్యరు. పెయింటు ముగ్గు ఉందిగా అని కొందరంటారు. దాని చుట్టూ తడి ఉండదమ్మా, పొద్దున ఎనిమిదింటికి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మా వాకిట్లోనూ వేయిస్తావు కదూ. గేటులోపల కుడివైపు డబ్బాలో పిండి ఉంటుంది.

మిగతావి నీకు తెలిసినవే. పేపరు, పాలు ఆపించాలి. ఆన్‌లైన్ పార్సిల్ గేటు మీద నుంచి లోపలికి విసిరేసి పోతే అది మూడు రోజులు అక్కడే పడి ఉంటుంది. వరండా లైటు పగలూ రాత్రీ వెలగడం కూడా ఇంట్లో ఎవరూ లేరని చెప్పడమే, సాయంత్రం పక్కింటివాళ్లు వేసి పొద్దున ఆర్పితే మంచిది. గేటుకి బయట పెద్ద కప్పతాళం వెయ్యొద్దను, లోపలివైపు వేసుకోవచ్చు. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టాలనుకునేవాళ్లు భోగి ముందురోజు పరిగెత్తకుండా పండగ సెలవులు చూసుకుని వెళ్లాలి. గ్యాస్ రెగ్యులేటర్ దగ్గరే ఆపెయ్యమను, స్టవ్ దగ్గర కట్టి వెళ్తే చాలదు. తిరిగొచ్చి తలుపు తీసినప్పుడు గ్యాస్ వాసనొస్తే లైటు స్విచ్ మీద చెయ్యి వెయ్యకూడదు. కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి చెయ్యాలి.

పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టడానికి. ఊరెళ్లే ముందు అందులో నమోదు చేసుకుంటే వాళ్లొచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు, ఎవరైనా లోపల అడుగుపెడితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. డబ్బేమీ తీసుకోరు. పండక్కి అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి జనవరి మొదట్లోనే స్టేషన్‌కి వెళ్లి మాట్లాడు. పనిలో పనిగా రాత్రి గస్తీ కానిస్టేబుల్ నంబరు తీసుకుని నీ ఫోన్లో వేసుకో. అత్యవసరానికి 112 ఎలాగూ ఉంది. కానీ వచ్చేవాళ్లు ‘ఎక్కడమ్మా’ అంటే ‘బ్రాడీపేట, పాలబూతు పక్కన’ అని కంగారుపడతారు మనవాళ్లు. లైను ఎంతో, అడ్డరోడ్డు ఎంతో రెండంకెలూ చెప్పమను. బ్రాడీపేటకి అంతకంటే మంచి గుర్తు లేదు.

ముగ్గు వేసే ఆడవాళ్ల సంగతి చెప్పడం మరిచా. తెల్లవారుజామున మంచులో వంగి చుక్కలు పెడుతుంటే వెనకనుంచి బండి నెమ్మదిగా వస్తుంది. గొలుసు తెగిందని తెలిసేసరికి బండి మలుపు తిరిగిపోతుంది. గొలుసు తీసి లోపల పెట్టి రమ్మంటే పండగపూట బోసిమెడతో ఎలా అంటారు. శాలువా కప్పుకుని ముడివేసుకోమను, చలికీ పనికొస్తుంది. ఎదురెదురు ఇళ్లవాళ్లు ఒకే వేళకి బయటికొస్తే ఇంకా నయం. ఈ ఒక్కటి మాత్రం గ్రూపులో పెట్టు, రెండుసార్లు పెట్టినా తప్పులేదు.

వెళ్లినవాళ్ల కంటే నాకు బెంగ మిగిలినవాళ్ల మీదే. పండగంటే పల్లెల్లో సందడి, మన లైను మాత్రం ఖాళీ అయిపోతుంది. పనిమనిషి తన ఊరెళ్తుంది, వాచ్‌మన్ తన ఊరెళ్తాడు, మందుల షాపు పెద్దపండుగ రోజు సగంపూట మూసేస్తారు. మిగిలేది ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు. వాళ్ల జాబితా ఇప్పుడే రాసుకో. షుగరు, బీపీ మాత్రలు ఇరవయ్యో తేదీ దాకా సరిపడా ఉన్నాయా అని భోగికి వారం ముందే అడుగు. ఉన్నాయంటారు. చూపించమను. ఇన్సులిన్ వాడేవాళ్లకి కరెంటు పోతే ఫ్రిజ్ గొడవ ఉంటుంది, ఇన్వర్టర్ ఉన్న ఇల్లేదో చూసి పెట్టు. పండగ మూడు రోజులూ పొద్దున ఒకసారి తలుపు తట్టాలి. ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నానమ్మా’ అంటారు, మంచంలో నుంచి లేవలేకపోయినా అదే మాట. ఒక గిన్నెలో పరవాన్నం పట్టుకుని నువ్వే వెళ్తే మనిషి ఎలా ఉన్నారో కంటికి కనిపిస్తుంది.

గ్రూపులో ఏ వార్త రావాలంటావా? నీళ్లు రావు, కరెంటు తీస్తారు, ఫలానా అడ్డరోడ్డు తవ్వారు. ఇవే. తక్కెళ్లపాడు నుంచి నీళ్లు ఆగాయంటే అందరికీ కావాల్సిన వార్త. మిగతా వాటికి ఒకటే అడుగు, ‘మీరు కళ్లారా చూశారా?’ అని. చూస్తే ఎక్కడ, ఎన్నింటికి అని రాయించు. ‘ఎవరో పంపారు’ అంటే తీసెయ్. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు పాకి, రెండు రాష్ట్రాల్లోనూ ఏ పాపం తెలియనివాళ్లు దెబ్బలు తిన్నారు. ఈ నెలలో మన లైన్లోకి హరిదాసు వస్తాడు, గంగిరెద్దులవాళ్లు వస్తారు, బుడబుక్కలవాడు వస్తాడు. అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా వచ్చినవాళ్లకి వాళ్లు తెలియదు. ‘అనుమానాస్పద వ్యక్తి’ అని ఫొటో తీసి పెట్టేస్తారు. నాకు ఒళ్లు మండేది దీనికే. తరతరాలుగా మన గుమ్మం ముందుకి వచ్చేవాళ్లని దొంగల్ని చేసే హక్కు మనకెవరిచ్చారు? అలాంటి ఫొటో వస్తే వెంటనే తీసెయ్. నిజంగా అనుమానముంటే కానిస్టేబుల్‌కి విడిగా చెప్పొచ్చు.

పెద్దవాళ్ల ఫోన్లకి పండగ కానుక అని లింకులు, శుభాకాంక్షల పేరుతో ఏపీకే ఫైళ్లు, అంటే తెరిస్తే ఫోన్లో యాప్‌లా ఎక్కిపోయేవి, వస్తాయి. తెరవొద్దని నోటితో చెప్పు, గ్రూపులో రాస్తే చదవరు. డబ్బు పోయిందంటే ఏడుస్తూ కూర్చోకుండా ఆ నిమిషమే సైబర్ మోసాల నంబరు 1930కి చెయ్యాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

భోగి మంట దగ్గర నువ్వు కొంచెం గట్టిగా ఉండాలి. కుర్రాళ్లు స్తంభం కిందే పేరుస్తారు, వెలుతురుంటుందని. పైన కరెంటు తీగలు, వాటికి వేలాడే ఇంటర్నెట్ కేబుళ్లు. కేబుల్ కాలితే పండగ మూడు రోజులూ ఎవడూ రాడని చెప్పు, తీగల కంటే ఆ మాటకే భయపడతారు. పైన ఏమీ లేని చోట, చిన్నగా, పిడకలు, ఎండుకట్టెలతో వెయ్యాలి. టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు తెస్తే వెనక్కి పంపు, పక్కింట్లో ఉబ్బసం మనిషి ఉన్నారు. పెట్రోలు సీసా కనిపిస్తే నువ్వే లాక్కో. రెండు బకెట్ల నీళ్లు ముందే పెట్టించు. పిల్లలకి నైలాన్ ఓణీలు, జారే శాలువాలు వద్దు. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, ఇంకు పూయకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు పట్టించి, తర్వాత జీజీహెచ్‌కో, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలి. బూడిద నీళ్లతో పూర్తిగా ఆర్పాకే చెత్తబండిలో వెయ్యనివ్వు.

గాలిపటాలకి నైలాన్ మాంజా వద్దు. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉంటారు. బండి మీద వెళ్లేవాళ్ల మెడ కోసుకుపోతుంది. ఆ నాలుగు రోజులూ మెడకి చేతిరుమాలు చుట్టుకుని వెళ్లమను. తీగల మీద పడ్డ గాలిపటం కోసం కర్ర ఎత్తిన పిల్లాణ్ణి చూస్తే ఆగి దింపు, ఇంకో గాలిపటం కొనిపెట్టు. తీగ తెగితే ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా కరెంటువాళ్ల నంబరు 1912కి చెప్పాలి.

హైదరాబాదు నుంచి కార్లలో వచ్చే పిల్లలు రాత్రి బయలుదేరి తెల్లారేసరికి ఇంట్లో ఉంటామంటారు. పిడుగురాళ్ల వైపు వచ్చినా, విజయవాడ మీదుగా వచ్చినా జనవరి తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది. దారి కనపడకపోతే హోటల్ దగ్గరో పెట్రోలు బంకులోనో ఆగి, పొద్దెక్కాక రమ్మని తల్లులతో చెప్పించు. ఎదురుచూసేవాళ్లు గంటకోసారి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడగడం మానాలి, నడిపేవాడికి అదొక టెన్షన్.

కనుమ దాటి జనం తిరిగొస్తుంటే తాళంచెవులు ఒక్కొక్కటే ఇచ్చి పుస్తకంలో వాళ్ల సంతకం తీసుకో. అలవాటు లేక నవ్వుతారు, నవ్వనీ. అందరూ వచ్చారని తేలాక ఆ పేజీలు చింపెయ్. మా తాళంచెవి మాత్రం నీ దగ్గరే ఉండనీ, కొబ్బరికాయలు దింపేవాడు నెలాఖరుకి వస్తాడు.

ఆశీస్సులతో,
మీ పిన్ని